గంగరావి పళ్ళెం

మొన్న ఆదివారం మా అమ్మాయి సోఫా కొంటానని నన్ను మంగళగిరి రోడ్డులోని ఫర్నిచర్ షోరూముకి తీసుకెళ్ళింది. నా సలహా కోసం కాదులెండి. నన్ను బయట తిప్పినట్టూ ఉంటుంది, తన పనీ అవుతుంది. అది ఒక్కో సోఫా మీదా కూర్చుని లేస్తూ ఉంటే నాకు విసుగు పుట్టి వెనక వైపుకి నడిచాను. అక్కడ అద్దాల గదిలో ఒక కుర్రాడు లేతు మిషను మీద పళ్ళెం చేస్తున్నాడు. వచ్చినవాళ్ళు చూడ్డానికని పెట్టారట. కళ్ళకి అద్దాలు, ముక్కుకి గుడ్డ, చెవులకి పెద్ద డిప్పలు పెట్టుకుని ఉన్నాడు. చెక్క మీగడ రంగులో ఉంది. నేను చూస్తుండగానే మిషను ఆపి తడిగుడ్డతో తుడిచాడు. తడి తగలగానే చెక్క నిండా చారలు లేచాయి. కాలవ నీళ్ళ మీద చిరుగాలి వీస్తే ముడతలు పడతాయే, అట్లా ఉన్నాయి. పళ్ళేన్ని కాస్త అటూ ఇటూ తిప్పితే ఆ ముడతలు కదిలాయి కూడా.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. "ఏం చెక్క బాబూ ఇది?" అని అడిగాను.

కుర్రాడు డిప్పలు తీసి, "మేపుల్ అండీ. బయటి దేశాల నుంచి వస్తుంది. ఈ డిజైను పెయింటింగ్ కాదండీ, చెక్కలోనే ఉంటుంది" అన్నాడు.

"తెలుసులే నాయనా. నీకు ఎదురుగా ఎవరూ కూర్చోరా?" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. "ఎదురుగా ఎందుకండీ? ముక్క ఎగిరితే తగులుద్ది" అన్నాడు.

ఈలోగా మా అమ్మాయి వచ్చి, "అమ్మా, ఆయన్ని పని చేసుకోనీ" అని నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయింది. కారులో ఇంటికి వచ్చేదాకా నేను నోరు విప్పలేదు. సోఫా నచ్చలేదనుకుంది పాపం.

మా ఊరు విజయవాడకి తూర్పున, కాలవ గట్టు మీద. మాది తరిమెన పట్టేవాళ్ళ ఇల్లు. తరిమెన అంటే ఇప్పటివాళ్ళకి తెలియదు, లేతు మిషనుకి ముత్తాత అనుకోండి. నేలలో పాతిన రెండు గుంజలు, వాటి మధ్య అడ్డంగా తిరిగే ఇరుసు, ఇరుసుకి రెండు చుట్లు చుట్టిన తాడు. తాడు కొసలు రెండూ పట్టుకుని ఒకరు ఎదురుగా కూర్చోవాలి. కుడిచేత్తో లాగితే చెక్క ఇటు తిరుగుతుంది, ఎడమచేత్తో లాగితే అటు తిరుగుతుంది. ఇవతల కూర్చున్న మనిషి, చెక్క తనవైపు తిరిగినప్పుడు ఉలి ఆనించాలి, వెనక్కి తిరిగేటప్పుడు ఉలి తీసెయ్యాలి. ఉలి పట్టేది మా నాన్న. తాడు లాగేది మా అమ్మ.

మంచం కోళ్ళు, కవ్వాలు, బావి గిలకలు, చపాతీ కర్రలు, పిల్లల బొంగరాలు, చుట్టుపక్కల ఊళ్ళలో గుండ్రంగా ఉండే చెక్క సామాను ఏది కనపడినా అది మా తాటాకు పాకలోంచి వెళ్ళిందే. పాకలోకి అడుగుపెడితే మూడు వాసనలు కలిసి వచ్చేవి. కొత్తగా కోసిన చెక్క వాసన, ఇరుసుకి పోసిన ఆముదం వాసన, వేడెక్కిన లక్క వాసన. ఇప్పటికీ పోస్టాఫీసులో పార్సిలు మీద లక్క సీలు వేస్తుంటే నాకు ముక్కుపుటాలు అదురుతాయి. సాయంత్రానికి పాకలో మోకాలి లోతున చెక్క పొట్టు పేరుకునేది. నేనూ మా తమ్ముడూ అందులో పడి దొర్లేవాళ్ళం. అన్నానికి కూర్చుంటే జుట్టులోంచి ఉంగరాలు ఉంగరాలుగా పొట్టు కంచంలో రాలేది. మా నాన్నమ్మ అది ఏరి పక్కన పెడుతూ, "ఇదీ ఒక కూరేలే, తినండి" అనేది.

మా తమ్ముడి చేతికి లక్క దొరకకూడదు. ఒకసారి నాన్నమ్మ నిద్రపోతుంటే లక్క కరిగించి ఆవిడ ముక్కుపొడుం డబ్బాకి మూత అతికించేశాడు. ఆవిడ లేచి, డబ్బా తెరవబోయి, తిప్పి, కొట్టి, చివరికి పళ్ళతో పట్టి లాగింది. ఉన్నవే నాలుగు పళ్ళు. వాడు పొట్టులో దూరి దాక్కుంటే కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొచ్చి వాణ్ణి ఏం చేసిందో చెప్పను గాని, రెండు రోజులు వాడు నిలబడే అన్నం తిన్నాడు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త కోడలు గడప దాటి లోపలికి రాగానే దేవుడి గదికి కాదు, ముందు పాకలోకి తీసుకెళ్ళి తాడు కొసలు రెండూ చేతికిచ్చేవాళ్ళు. అటువైపు పెళ్ళికొడుకు బాసింగం తీయకుండానే ఉలి పట్టుకుని కూర్చునేవాడు. ఇద్దరూ కలిసి ఒక బొంగరం చెయ్యాలి. బొంగరం తిరిగితే కాపురం తిరిగినట్టే. మా అమ్మ చేసిన బొంగరం మూడు చుట్లు తిరిగి పడిపోయిందట. "మీ అమ్మ చెయ్యి మరీ మెత్తన. మర్నాడు మళ్ళీ చేయించా" అని నాన్నమ్మ ఎప్పుడూ చెప్పేది.

ఉలి ఆనించినప్పుడు నాన్న మాట్లాడకూడదు, మాట్లాడితే చెయ్యి అదురుతుంది. ఉలి తీసినప్పుడు ఒక ముక్క మాట్లాడేవాడు. మళ్ళీ ఉలి, మళ్ళీ ఒక ముక్క. "రేపు... కాలవకి... నీళ్ళు... వదుల్తారంట" అని. నాన్న ముక్కకీ ముక్కకీ మధ్య అమ్మ తన మాట పెట్టేది. "ఎవరు చెప్పారు", "మొన్నా అదే అన్నారుగా" అని. అట్లా ఇద్దరి మాటా పేనుకుంటూ పొద్దుగూకేదాకా సాగేది. అట్లా మాట్లాడీ మాట్లాడీ నాన్నకి అదే అలవాటైపోయింది. కొట్లో ఉప్పు కావాలన్నా విడివిడిగా రెండు మాటలుగా అడిగేవాడు. ఊళ్ళో వాళ్ళు వెక్కిరించేవాళ్ళు. మా తమ్ముడైతే అచ్చం అట్లాగే చేసి చూపించి నాన్న చేతే నవ్వించేవాడు.

ఆ పాకలో కూర్చుని నేను లోకం అంతా తెలుసుకున్నాను. ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఎవరు ఎవరితో పలకడం లేదు, ఏ గేదె ఈనింది, ఎవరి దాళవా వరి ఎండిపోయింది, అన్నీ తాడు మీదుగా వచ్చేవి. అమ్మకి వచ్చిన కల కూడా నాన్నకి అక్కడే చెప్పేది. బయట మగవాళ్ళ ముందు మా అమ్మ గట్టిగా ఒక మాట అన్నది నేను వినలేదు. తాడు పట్టుకుంటే మాత్రం నాన్నని ఒక ఆట ఆడించేది. నాన్నమ్మ అరుగు మీద పడుకుని అంతా వింటూ, "మీ తాత నాతో తాడు దగ్గర ఆడినన్ని మాటలు మంచం మీద ఆడలేదే" అని నాతో అనేది. నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఒక ఏడు వరికోతలు అయ్యాక అమ్మ కుడిభుజం పట్టేసింది. పొద్దున్నే నాకు జడ వెయ్యడానికి చెయ్యి ఎత్తలేకపోయింది. ఆముదం రాసి కాపడం పెట్టినా తగ్గలేదు. ఊళ్ళో మందులిచ్చే డాక్టరు, "ఇంక తాడు లాగకమ్మా, చెయ్యి పడిపోద్ది" అన్నాడు. నాన్న ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మర్నాడు తెల్లారే బస్సెక్కి విజయవాడ వెళ్ళి, సాయంత్రానికి బియ్యం మిల్లులో వాడి తీసేసిన కరెంటు మోటారు ఒకటి తెచ్చాడు. బస్సు టాపు మీద గోనెపట్టా చుట్టి తెచ్చాడు. దింపేటప్పుడు ఊరంతా చుట్టూ చేరింది. ఇరుసుకి తాడు తీసేసి బెల్టు వేశారు. మీట నొక్కగానే పాక అంతా అదిరింది.

"ఎంత అదృష్టవంతురాలివమ్మా, పెళ్ళాం చెయ్యి నొప్పి అంటే మోటారు తెచ్చే మొగుడు ఎవరికున్నాడు" అని వచ్చినవాళ్ళందరూ అన్నారు. అమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది. తాడుని తీసి చుట్టచుట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేత్తో పట్టుకుని తిరిగి, ఆఖరికి దూలానికి తగిలించింది.

మోటారు వెనక్కి తిరగదు. ఒకటే వైపు, ఒకటే పరుగు. ఉలి తీసే పని లేదు, కాబట్టి నాన్నకి మాట్లాడే సందు లేదు. మాట్లాడినా ఆ మోతలో వినపడదు. పొద్దున అన్నం తిని పాకలోకి వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి పొట్టు దులుపుకుంటూ వచ్చి, తిని, మళ్ళీ వెళ్ళేవాడు. మంచం కోళ్ళు మాత్రం గుట్టలు గుట్టలుగా తయారయ్యేవి.

మొదట్లో అమ్మ చాటలో బియ్యం వేసుకుని వెళ్ళి, తను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చునేది. రాళ్ళు ఏరుతూ ఏదో అనేది. నాన్న, "ఆఁ?" అనేవాడు. అమ్మ గొంతు పెంచి మళ్ళీ అనేది. నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపేవాడు. మూడోసారికి అమ్మ, "ఏం లేదులెండి" అనేది. ఆ ముక్క మాత్రం ఎట్లాగో ఆయనకి వినపడేది. నాలుగు రోజులు చూసి చాట తీసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చేసింది. కొన్నాళ్ళకి గేదెతో మాట్లాడటం మొదలెట్టింది. పాలు పితుకుతూ దానికి రాత్రి వచ్చిన కల చెప్తుంటే నేను విన్నాను. నాకు నవ్వు రాలేదు, భయమేసింది.

రాత్రి పూట మాట్లాడుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ అప్పుడు అదే అనుకున్నాను. కాని మంచం మీద వెల్లకిలా పడుకుని చుక్కలు చూస్తూ వాళ్ళిద్దరికీ మాట కలిసేది కాదు. చేతులు ఆడకపోతే వాళ్ళకి నోరు ఆడదు. నాన్న, "భుజం ఎట్టా ఉంది" అని అడిగేవాడు. "తగ్గిందండీ" అనేది అమ్మ. అక్కడితో అయిపోయేది.

కాలవలు కట్టేసిన వేసవిలో మా ఊళ్ళో పెద్దింటి మామ్మగారు నాన్నకి కబురు పెట్టింది. ఆవిడ మనవరాలి పెళ్ళి. గాలివానకి వాళ్ళ పెరట్లో గంగరావి చెట్టు పడిపోయిందట. ఆవిడ కాపురానికి వచ్చిన ఏడు తన చేత్తో నాటిన చెట్టు. దాని మొదలు దగ్గర పొట్టలాగా పెద్ద బుడిపె ఉంది. దాన్ని కోయిస్తే రెండు చక్కలు వచ్చాయి. "దీంతో తలంబ్రాల పళ్ళెం చేసివ్వు నాయనా. ఇత్తడివీ వెండివీ ఎట్టాగూ ఉంటయ్. ఇది నా చెట్టు" అంది మామ్మగారు. నాన్న ఆ చక్కల మీద రెండు చేతులూ పెట్టి నిమిరాడు. రెండూ ఇంటికి తెచ్చి ఒకదాని మీద చెంబుడు నీళ్ళు పోశాడు. మేమందరం చుట్టూ కూర్చున్నాం. బెల్లం పాకం రంగులో, మధ్యలో నల్లటి తీగలు సుడులు తిరిగి, అక్కడక్కడా నెమలీక కళ్ళలాంటి చుక్కలు. అమ్మ చీర కొంగుతో తడి అద్ది, "ఇది చెక్కేనా అండీ" అంది. ఎన్నో రోజుల తర్వాత ఆమె నాన్నని అడిగిన మొదటి ప్రశ్న అది అనుకుంటాను.

మంచం కోడుని రెండు మొనల మధ్య బిగిస్తే చాలు. పళ్ళేనికి అట్లా కుదరదు. ఇరుసు కొసన ఉన్న మొద్దుకి లక్క కరిగించి పోసి, చక్కని దానికి అతికించి తిప్పాలి. మా తాతలనాటి నుంచీ అంతే. నాన్న కూడా అంతే చేశాడు. లక్క ఆరాక మీట నొక్కాడు. మేము గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. చెక్క పైపొర సన్నగా లేస్తోంది, సుడులు బయటపడుతున్నాయి, నాన్న మొహంలో ఎప్పుడూ లేని వెలుగు. అంతలో ఉలి కింద చెక్క ఒక్కసారి వణికినట్టయింది. ఆ తర్వాత అది అక్కడ లేదు. నాన్న చెవి పక్కగా ఎగిరి గుంజకి కొట్టుకుని రెండు ముక్కలై పొట్టులో పడింది. నాన్న మీట ఆపాడు.

నాన్న ముక్కలు ఏరుకుని, "లక్క పాతదై ఉంటుంది" అన్నాడు. అమ్మ లోపలికి వచ్చి ఆయన చెవి, మెడ తడిమి చూసింది. దెబ్బ తగల్లేదు. అప్పుడు వంగి ఇరుసు మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసింది.

"ఇరుసు కాలిపోతోందండీ. లక్క ఎట్టా నిలబడుద్ది?" అంది.

అరుగు మీద నుంచి నాన్నమ్మ అందుకుంది. "తాడైతే ఇటొకసారి అటొకసారి తిరిగి ఊపిరి తీసుకుంటది. ఇది తీసుకోదుగా. ఉన్న ఒక్క చక్కా దీనికి పెట్టావంటే పెద్దింటామెకి నీ మొహం ఎట్టా చూపిస్తావ్ రా అబ్బాయ్?"

అమ్మ దూలం దగ్గరికి వెళ్ళి ఎడమచేత్తో తాడు దింపింది. నాన్న గబుక్కున లేచి ఆ తాడు పట్టుకున్నాడు.

"నువ్వొద్దు. అమ్మాయి లాగుద్ది. లేకపోతే కూలి మనిషిని పెడతా."

"అంత పళ్ళెం దానివల్ల కాదు. కూలి మనిషి మీ ఉలి ఎప్పుడు ఆనుద్దో ఎట్టా తెలుసుకుంటాడు?"

"డాక్టరు ఏమన్నాడు? చెయ్యి పడిపోద్దన్నాడా లేదా? దీని కోసమేగా మోటారు తెచ్చింది."

అమ్మ తాడు వదల్లేదు. కొసలు ఇద్దరి చేతుల్లోనూ ఉన్నాయి. ఎప్పుడూ లేనిది, మేమందరం చూస్తుండగా, గొంతు తగ్గించకుండానే అంది.

"నా భుజానికి మోటారు తెచ్చారు. నన్ను అడిగి తెచ్చారా? భుజం ఒక్కటే నాదా? పొద్దున లేస్తే మీ మొహం ఎదురుగా కూర్చునేదాన్ని. ఇప్పుడు గేదె మొహం చూస్తన్నా. వచ్చినోళ్ళంతా అదృష్టం అదృష్టం అంటంటే ఏం చెప్పమంటారు? మీరు ఏం మాట్లాడతన్నారో, మీ మనసులో ఏముందో నాకు తెలిసి ఎన్నాళ్ళయింది? ఈ పళ్ళేనికి నేనే లాగుతా. ఆ తర్వాత నా చెయ్యి ఉంటే ఉండింది, లేకపోతే లేదు."

నాన్న తను పట్టుకున్న కొస వదిలేసి, కూర్చుని బెల్టు విప్పటం మొదలెట్టాడు. నాన్నమ్మ పొడుం పీల్చి అటు తిరిగి పడుకుంది.

ఆ పళ్ళెం మొత్తం పొద్దున్నపూట చల్లదనంలోనే చేశారు. ఎండ పాకలోకి వచ్చేలోగా ఆపేసేవాళ్ళు. అమ్మ భుజానికి వేడి ఆముదం గుడ్డ కట్టుకుని కూర్చునేది. మొదటి రోజు ఇద్దరికీ కుదర్లేదు. తాడు జారింది, ఉలి ఎగిరింది. నాన్న, "మెల్లగా... అంత... బలం..." అన్నాడు. "వద్దు" అని అమ్మ పూర్తి చేసింది. నేను పెరట్లోకి పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో నాకే తెలియదు.

మధ్యమధ్యలో ఆపి తాటిముంజలు తినేవాళ్ళం. కాలవ గట్టు తాడిచెట్ల నుంచి నాన్న గెల దింపించేవాడు. ముంజ కన్ను బొటనవేలితో పొడిచి నాన్న అమ్మకి ఇచ్చేవాడు. ఆమె కుడిచేత్తో తీసుకోలేకపోతే ఎడమచేతిలో పెట్టేవాడు. మేము చూస్తున్నామని ఇద్దరికీ సిగ్గు. మా తమ్ముడు ఖాళీ అయిన బుర్రలతో బండి చేసుకుని, కావాలనే వాళ్ళిద్దరి మధ్య నుంచి లాగేవాడు.

వాళ్ళు మాట్లాడుకున్న మాటలు ఏమంత గొప్పవి కావు. పాక మీద తాటాకు మార్చాలి, తమ్ముణ్ణి వచ్చే ఏడు పెద్దబడిలో వెయ్యాలి, నాన్నమ్మకి కళ్ళు మసకలు వస్తున్నాయి. ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్నవన్నీ అమ్మ ఒక్కొక్కటే తీసింది. గేదెకి చెప్పిన కల కూడా చెప్పింది. నాన్న ఉలి తీసినప్పుడల్లా నవ్వేవాడు. పళ్ళెం అంచు దగ్గర ఒక తగువు కూడా పడ్డారు. అమ్మ అంచు చుట్టూ ఎర్ర లక్క గీత కావాలంది. "ఇంత అందమైన చెక్కకి... రంగెందుకు" అన్నాడు నాన్న. "పెళ్ళి పళ్ళేనికి ఎర్రన లేకపోతే ఎట్టాగండీ" అంది అమ్మ. ఒక పూటంతా అదే వాదన. చివరికి గోరంత సన్నటి గీత వేశాడు. ఎండిన మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెట్టాడు. పళ్ళేన్ని వెలుతురులో పట్టుకుని తిప్పితే ఆ నల్లటి సుడులు నిజంగానే తిరుగుతున్నట్టు ఉండేవి. గీత ఉంటేనే బాగుందని నాన్న ఒప్పుకోలేదు గాని, పళ్ళేన్ని గీత కనపడేలాగే గోడకి ఆనించి పెట్టాడు.

పెళ్ళిలో తలంబ్రాలు ఆ పళ్ళెంలోనే పోశారు. పసుపు కలిపిన బియ్యం కింద చెక్క కనపడనే లేదు. నాకు భలే కోపం వచ్చింది. అమ్మ మాత్రం బంతిలో కూర్చుని గుమ్మడికాయ దప్పళం కలుపుకుంటూ, "తలంబ్రాలు అయిపోయాక కనపడుద్దిలే" అంది. మామ్మగారు మా అమ్మని దగ్గరికి పిలిచి, అందరి ముందూ కుడిభుజం మీద చెయ్యి వేసి నిమిరింది. ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ పళ్ళెం పెళ్ళికూతురితో పాటే ఇబ్రహీంపట్నం అవతల ఏదో ఊరు వెళ్ళిపోయింది. మళ్ళీ నేను దాన్ని చూడలేదు.

ఆ తర్వాత డాక్టరు అన్నంతా అయింది. అమ్మ చెయ్యి పూర్తిగా పడిపోలేదు గాని భుజం దాటి పైకి లేవలేదు. నా జడ నాన్నమ్మ వేసేది, అమ్మ జడ నేను వేసేదాన్ని. ఇరుసుకి మళ్ళీ బెల్టు వేశారు. తాడుని ఎవరో బావి చేదకి కట్టేసుకున్నారు. అమ్మ చాట పట్టుకుని మళ్ళీ వంటింటి గుమ్మంలోకి వచ్చేసింది. నాకు అనిపించింది, ఇంక ఇంతే.

ఒకరోజు సాయంత్రం, నేను బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. పాకలో మోత ఉన్నట్టుండి ఆగిపోయింది. నాన్న గుమ్మంలోకి వచ్చి, లోపలికి చూస్తూ, "కరెంటు పోయిందే. ఉలులు నూరుకోవాలి. కాస్త నీళ్ళు పోస్తావా?" అన్నాడు.

అమ్మ చెంబుతో నీళ్ళు తీసుకుని వెళ్ళింది. తన చోటులో తను కూర్చుంది. నాన్న సానరాయి మధ్యలో పెట్టుకుని ఉలి నూరుతుంటే అమ్మ ఎడమచేత్తో చుక్క చుక్క పోసింది. రాయి మీద ఉలి ముందుకి వెళ్ళినప్పుడు నాన్న ఊరుకున్నాడు. వెనక్కి వచ్చినప్పుడు ఒక ముక్క మాట్లాడాడు. మళ్ళీ మొదలైంది.

మర్నాడు కూడా అదే వేళకి కరెంటు పోయింది. ఆ మర్నాడు కూడా. అప్పట్లో కరెంటు పోవడం వింత కాదు కాబట్టి నేనేమీ అనుకోలేదు. మా తమ్ముడు ఊరుకునే రకం కాదు. పక్కింటి కరెంటు రేడియోలో పాటలు వినపడుతున్నాయి. వాడు పాక ముందుకెళ్ళి, "నాన్నా, కరెంటు ఉంది. వాళ్ళ రేడియో మోగతంది" అని అరిచాడు.

నాన్నమ్మ వాడి తొడ మీద గట్టిగా గిల్లింది. "వాళ్ళకుంటే ఉంటదిరా. మనింటికి పోయింది" అంది.

లోపల అమ్మ తల ఎత్తలేదు. ఆమె చెవులు బాగానే ఉన్నాయి, రేడియో ఆమెకీ వినపడింది. చెంబు వంచుతూ, "పాపం, ఈ కరెంటు వాళ్ళకి మన ఇల్లే దొరికిందా అండీ" అంది. నాన్న ఉలి వెనక్కి లాక్కుంటూ, "ఏం చేస్తాం... మన రాత" అన్నాడు. నేను పెళ్ళయి ఆ ఇల్లు దాటేదాకా మా ఇంటికి సాయంత్రం కరెంటు ఉన్న రోజు లేదు.

అన్నిసార్లు ఉలులు నూరాల్సిన అవసరం ఏ తరిమెన పనివాడికీ ఉండదు. నూరీ నూరీ ఆ ఉలులు చివరికి పిడికెడంత అయిపోయాయి. అప్పటి వాళ్ళ వయసు నేనిప్పుడు దాటిపోయాను, వాళ్ళిద్దరూ లేరు, పాక ఉన్నచోట ఎవరిదో రొయ్యల మేత గోడౌను కట్టారు. అయినా సాయంత్రం అయితే చాలు, సానరాయి మీద ఉలి కదిలే చప్పుడు కోసం నా చెవి వెతుక్కుంటుంది. మనిషి ఎదురుగా మనిషి కూర్చుని, చేతిలో ఏదో పని పెట్టుకుని, తొందర లేకుండా ఒక మాట తర్వాత ఒక మాట అనుకోవడం ఎంత పెద్ద సంపదో నాకు అప్పుడు తెలియలేదు. ఎంత వెతికినా ఇప్పుడది దొరకడం లేదు.

మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మంచి మనిషి. ముందు గదిలో ఆయన టీవీ, పడగ్గదిలో నా ఫోను. మా అపార్టుమెంటులో కరెంటు పోతే గుక్క తిప్పుకునేలోగా జనరేటరు అందుకుంటుంది, కాబట్టి పోయిందన్న సంగతే ఎవరికీ తెలియదు. షోరూము నుంచి వచ్చిన మర్నాడు సాయంత్రం ఒక గిన్నెలో చిక్కుడుకాయలు వేసుకుని, తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్చి దగ్గరికి వెళ్ళాను. చుట్టూ చూసి కిందికి నొక్కేశాను. ఫ్యాను ఆగింది, టీవీ ఆగింది.

"ఏవోయ్, కరెంటు పోయిందా?" అన్నారు మావారు.

"పోయిందండీ."

"జనరేటరు రాలేదేం?"

"వస్తుందిలెండి. అందాకా ఇలా వచ్చి కూర్చోండి. చిక్కుడుకాయలు ఈనె తియ్యాలి."

ఆయన బాల్కనీలోకి వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గోడ అవతల లిఫ్టు పైకి వెళ్తున్న చప్పుడు ఇద్దరికీ వినపడింది. ఆయన ఒక క్షణం తలుపు వైపు చూసి, నావైపు చూసి, గిన్నెలోంచి ఒక చిక్కుడుకాయ తీసుకున్నారు.